కూల్‌డ్రింకుల మీద పన్ను వేస్తే పిల్లల్లో ఊబకాయం తగ్గుతుందా?

పన్ను వేయగానే పిల్లలు సన్నబడిపోతారా అని అడిగితే, లేదు. అలాగని పన్ను దండగా కాదు. దాన్ని ఎలా లెక్కగట్టారన్నదే ముఖ్యం.

మెక్సికో 2014లో లీటరుకు ఒక పెసో వేసింది. చక్కెర కలిపిన పానీయమైతే చాలు, ఎంత కలిపినా అదే పన్ను. కొనేవాళ్లు కొంత తగ్గించారు గానీ, తీపి తగ్గించినందుకు కంపెనీకి మిగిలేదేమీ లేదు. బ్రిటన్ 2018 ఏప్రిల్‌లో శ్లాబులు పెట్టింది. 100 మి.లీ.లో 5 గ్రాముల లోపు చక్కెర ఉంటే పన్ను లేదు. 5 నుంచి 8 లోపైతే లీటరుకు 18 పెన్స్, 8 గానీ ఆపైన గానీ ఉంటే 24 (ఇవి మొదటి రేట్లు). సంగతి 2016 మార్చిలోనే ప్రకటించారు. అసలు కిటుకు ఆ రెండేళ్ల గడువులోనే ఉంది: పన్ను మొదలయ్యేలోపే చాలా కంపెనీలు ఫార్ములా మార్చి 5 కిందికి దిగాయి. 100 మి.లీ.కి 10.6 గ్రాములుంటే 330 మి.లీ. క్యాన్‌లో 35 గ్రాముల చక్కెర. 4.5కి దించితే 15. పిల్లాడు మానేయకపోయినా క్యాన్‌కు 80 కేలరీలు తగ్గాయి.

కంతలూ ఉన్నాయి. పాల పానీయాలనూ, చక్కెర కలపని పళ్లరసాలనూ అప్పట్లో వదిలేశారు. పళ్లరసంలోని చక్కెరను కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫ్రీ షుగర్ (కలిపిన చక్కెరలాగే తగ్గించుకోవాల్సిన చక్కెర) కిందే లెక్కేస్తుంది. తీసేసిన చక్కెర చోట స్వీటెనర్లు (చక్కెర కాని తీపి పదార్థాలు) వచ్చి కూర్చున్నాయి కాబట్టి నాలుకకు తీపి అలవాటు పోదు.

పన్ను ఒక్కటే చాలదు, లేబుల్ కూడా కావాలి. చిలీ 2016 నుంచి చక్కెరలాంటివి హద్దు దాటిన ప్యాకెట్ల మీద నల్ల అష్టభుజి ముద్ర తప్పనిసరి చేసింది. ముద్ర పడితే బడిలో అమ్మకూడదు, ప్యాకెట్ మీద పిల్లల్ని ఆకట్టుకునే కార్టూన్ బొమ్మలు ఉండకూడదు. హద్దును 100 గ్రాములకు లెక్కగట్టడం తెలివైన పని. ‘ఒక సర్వింగ్‌కు’ అంటే కంపెనీ సర్వింగ్‌నే చిన్నది చేసి చూపిస్తుంది.

ఇక కొలతల దగ్గర చాలామంది బోల్తా పడతారు. పెద్దల బీఎంఐ (కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె) హద్దులు 25, 30 పిల్లలకు వర్తించవు. పదేళ్ల అబ్బాయి 140 సెం.మీ. ఎత్తు, 43 కిలోలు ఉంటే బీఎంఐ దాదాపు 22. పెద్దల పట్టికలో మామూలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో ఆ వయసుకు 21.4 దాటితే ఊబకాయమే. బడిలో కొలిస్తే చెప్పులు విప్పించి, ఒక్కొక్కరినీ విడిగా పిలిచి కొలవండి. అంకె తరగతిలో చదవకండి, ఇంటికి పంపండి.

మొదటి ఏడాదే ఊబకాయం శాతం చూసి పన్ను విఫలమైందని తీర్పు చెప్పేయడం తొందరపాటు. ముందు చూడాల్సింది పానీయాల ద్వారా తలకు ఎన్ని గ్రాముల చక్కెర అమ్ముడైందన్నది.