తెలుగు మీడియం సైన్స్ క్లాసుకు ఆన్‌లైన్ సామగ్రి ఎక్కడ వెతకాలి? నెట్ సరిగా రాని బడిలో ఎలా వాడాలి?

టీచర్ గారూ, మీరు చెప్పిన పరిస్థితి ఇదీ: బడిలో స్మార్ట్ టీవీ, ఒక ల్యాప్‌టాప్ ఉన్నాయి, నెట్ నిలకడగా ఉండదు, 8 నుంచి 10 తరగతులకు భౌతికశాస్త్రం చెప్పాలి, యూట్యూబ్‌లో ఎంత వెతికినా పనికొచ్చేది చిక్కడం లేదు. ఈ అనుభవం ఉన్నవాళ్లం చాలామందిమి ఉన్నాం. పని జరిగే దారి చెబుతాను.

వెతకడం ఏ సైటుతోనో మొదలుపెట్టొద్దు. పాఠంలో పిల్లల కంటికి కనబడని చోటు ఎక్కడో ముందు గుర్తించండి. తీగలో విద్యుత్ ప్రవాహం కనబడదు. పరమాణువు కనబడదు. తెర అవసరం అక్కడ. పీడనం సిరంజితో, ఘర్షణ బల్ల మీద పుస్తకం జరిపి చూపించేయొచ్చు, వాటికి వీడియో వెతకడం మీ సమయానికి నష్టం. ఒక పాఠానికి ఒకటి, మహా అయితే రెండు చాలు.

కనబడనివాటిని చూపించడానికి నేను మొదట చెప్పే పేరు ఫెట్ అనే వెబ్‌సైటు. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం (బౌల్డర్) వారిది. నోబెల్ అందుకున్న భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టారు. పిల్లలు మార్పులు చేసి ఫలితం చూసే సిమ్యులేషన్లు ఇందులో ఉంటాయి, చాలావాటికి తెలుగు అనువాదం ఉంది. సైటులో భాషను బట్టి వడకట్టుకోవచ్చు. లింకు చివర భాషకు గుర్తుగా ఉండే ‘ఈఎన్’ అక్షరాల చోట ‘టీఈ’ పెట్టినా తెలుగుది ఉంటే తెరుచుకుంటుంది. పేజీలో డౌన్‌లోడ్ గుర్తు నొక్కితే బ్రౌజర్‌లో తెరుచుకునే ఒకే ఒక్క హెచ్‌టీఎంఎల్ ఫైలుగా దిగుతుంది. ఆ తర్వాత నెట్ అక్కర్లేదు. పాత జావా సిమ్యులేషన్లను మాత్రం వదిలేయండి, బడి కంప్యూటర్లలో వాటితో ఇబ్బందే.

పదో తరగతి విద్యుత్ పాఠమే తీసుకోండి. ఫెట్‌లో డీసీ వలయాల కిట్ అనే సిమ్యులేషన్ ఉంది. అందులో 9 వోల్టుల బ్యాటరీ, 10 ఓమ్‌ల బల్బు కలిపితే అమ్మీటరు 0.9 ఆంపియర్లు చూపుతుంది. అదే రకం ఇంకో బల్బు శ్రేణిలో పెట్టే ముందు ఆగి, ‘రెండింట్లో ఏది ఎక్కువ వెలుగుతుంది?’ అని అడిగి చేతులెత్తించండి. ‘బ్యాటరీకి దగ్గరున్నదే’ అనేవాళ్లు తప్పకుండా ఉంటారు. ‘మొదటి బల్బు కొంత కరెంటు వాడేసుకుంటుంది’ అన్న అపోహ పిల్లల్లో బలంగా పాతుకుని ఉంటుంది. కలిపి చూపిస్తే రెండూ సమానంగా, ముందుకంటే మసకగా వెలుగుతాయి, ఎక్కడ కొలిచినా 0.45 ఆంపియర్లే. తర్వాత సమాంతరంగా కలిపితే ఒక్కో బల్బులో మళ్లీ 0.9, బ్యాటరీ దగ్గర 1.8. ముందు ఊహించమని అడగకుండా నేరుగా చూపిస్తే మాత్రం బొమ్మ చూసినట్టు చూసి వదిలేస్తారు, అపోహ అలాగే ఉంటుంది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఆ కిట్ తెరవగానే తీగల్లో ఎలక్ట్రాన్లు కదులుతూ కనిపిస్తాయి, అవి రుణ ధ్రువం నుంచి ధన ధ్రువం వైపు పోతాయి. పాఠ్యపుస్తకంలో విద్యుత్ దిశ దానికి ఎదురు. క్లాసులో ఎవరో ఒకరు ‘సర్, పుస్తకంలో తప్పు పడిందా?’ అంటారు. పక్కనున్న పట్టీలో సాంప్రదాయ దిశకు మార్చే ఏర్పాటు ఉంది, ముందే మార్చి పెట్టుకోండి. లేదా రెండూ చూపించి తేడా చెప్పండి, నాకు రెండోదే మేలనిపిస్తుంది. అదే కిట్‌లో బల్బు లేకుండా తీగను నేరుగా బ్యాటరీకి కలిపితే తెర మీద మంటలు వస్తాయి. షార్ట్ సర్క్యూట్ అంటే ఏమిటో ఎవరికీ ప్రమాదం లేకుండా అంత బాగా చూపించే పద్ధతి ఇంకోటి లేదు.

దీన్ని తెర మీదికి తేవడం దగ్గర చాలామంది ఆగిపోతారు. పెన్‌డ్రైవ్ టీవీకి పెట్టి హెచ్‌టీఎంఎల్ ఫైలు తెరవబోతే టీవీ దాన్ని అసలు చూపించదు. ల్యాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐ కేబుల్ కలిపి, విండోస్ మీటా, ‘పి’ మీటా కలిపి నొక్కి ‘డూప్లికేట్’ ఎంచుకోండి. సౌండు టీవీలో రాకపోతే ల్యాప్‌టాప్ సౌండు సెట్టింగులో టీవీని ఎంచుకోవాలి. ఆండ్రాయిడ్ ప్యానెల్ ఉన్న బడుల్లో ఫైలు మీద నొక్కితే ఒక్కోసారి ఖాళీ తెర వస్తుంది. ఫైలు పాడైందనుకుని మళ్లీ దించుకునేవాళ్లున్నారు. అసలు కారణం, అది క్రోమ్‌లో కాకుండా ఆండ్రాయిడ్‌లో ఫైళ్లు చూపించే చిన్న యాప్‌లో తెరుచుకోవడం. సిమ్యులేషన్‌ను నడిపించే జావాస్క్రిప్ట్ కోడ్ అందులో నడవదు. ‘ఓపెన్ విత్’ అని క్రోమ్ ఎంచుకుంటే సరి.

వీడియోలైతే పెన్‌డ్రైవ్‌తో నేరుగా నడుస్తాయి. హెచ్.264 రకం ఎంపీ4 దాదాపు ఏ టీవీలోనైనా ఆడుతుంది, ఎంకేవీ అయితే బొమ్మ వచ్చి సౌండు రాకపోవచ్చు. ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. ఫైళ్లకు తెలుగు పేర్లు పెట్టకండి, చాలా టీవీల్లో డబ్బాలుగా కనిపిస్తాయి. తరగతి, పాఠం నంబరు ఇంగ్లిష్ అక్షరాల్లో పెడితే వరసగా నిలబడతాయి.

ఇక దీక్షా. బడి పాఠాల కోసం 2017లో మొదలైన జాతీయ ఆన్‌లైన్ వేదిక. మన పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌లు దానివే. ముద్రణ అలుక్కుపోయి కోడ్ స్కాన్ కాకపోతే కింద ఉండే ఆరు అక్షరాల కోడ్ టైప్ చేస్తే చాలు. బోర్డు, మాధ్యమం, తరగతి ఎంపికలు సరిచూసుకోండి, ఏమీ లేవని కనిపిస్తే ఎక్కువసార్లు కారణం అదే. నెట్ ఉన్నచోట యాప్‌లో డౌన్‌లోడ్ చేసుకుని, ఆ ఫైలును బ్లూటూత్‌తో తోటి టీచర్ ఫోన్‌కి పంపొచ్చు, వాళ్లు తమ యాప్‌లోకి దిగుమతి చేసుకుంటారు. కానీ అక్కడున్నవాటిలో కొన్ని నిజానికి యూట్యూబ్ వీడియోలే, అవి దిగవు. బడికి వెళ్లాక తెలుసుకునే కంటే ఇంట్లోనే ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి తెరిచి చూసుకోండి.

తెలుగులో గూగుల్ చేస్తే ఏమీ రాకపోవడానికి మీ వెతుకులాట కారణం కాదు. మన పాత పాఠ్యపుస్తకాలు, మాడ్యూళ్ల పీడీఎఫ్‌లు చాలా వరకు అను ఫాంట్లలో తయారైనవి. కంటికి తెలుగే, యంత్రానికి మాత్రం అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు. అందుకే ‘వక్రీభవనం’ అని కొడితే అవి దొరకవు, కాపీ చేసినా చెత్త వస్తుంది. కొన్ని స్కాన్ చేసిన బొమ్మలు, వాటిలో అసలు అక్షరాలే లేవు. కాబట్టి ఇంగ్లిష్ పదం, తరగతి, చివర తెలుగు అనే మాట ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి. యూట్యూబ్‌లో మన టీచర్లు పెట్టే వీడియోలకు పేర్లు కూడా ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఎక్కువ.

దొరికిన వీడియోని పూర్తిగా చూడకుండా క్లాసులో పెట్టొద్దు. రెండు రాష్ట్రాల పుస్తకాలు ఇప్పుడు ఒకటి కావు, ఒకే భావనకు వాడిన మాటలు కూడా అక్కడక్కడ వేరు. పరీక్షలో పిల్లలు రాయాల్సింది తమ పుస్తకంలోని మాట. వీడియోలో వేరే మాట వస్తే బోర్డు మీద రెండూ పక్కపక్కన రాయండి. కిరణ చిత్రాల్లో బాణం గుర్తులు, ప్రమాణాలు సరిగా ఉన్నాయో లేదో చూడండి, తప్పులు ఎక్కువ కనిపించేది అక్కడే. తెలంగాణ ప్రభుత్వ విద్యా చానల్ టీ-శాట్ పాఠాలు బాగుంటాయి గానీ పీరియడ్ అంతా సాగుతాయి, మీ సొంత తయారీకి వాడుకోండి. ముక్కగా చూపించాలంటే సమయాలు కాగితం మీద రాసుకోవాలి, 4 నిమిషాలు మించితే వెనక బెంచీల్లో మాటలు మొదలవుతాయి.

చేతులతో చేయించాలనుకుంటే అరవింద్ గుప్తా గారి సైటు చూడండి. పారేసే వస్తువులతో చేసే సైన్స్ బొమ్మల చిన్న వీడియోలు తెలుగు మాటలతో కూడా ఉన్నాయి, ఖర్చు దాదాపు ఉండదు. అమృత విశ్వవిద్యాపీఠం, కేంద్ర ప్రభుత్వ కంప్యూటింగ్ పరిశోధన సంస్థ సీడాక్ కలిసి చేసిన ఆన్‌లైన్ ప్రయోగశాల ఓల్యాబ్స్‌లో 9 నుంచి 12 తరగతుల ప్రయోగాలుంటాయి, సీబీఎస్‌ఈ వరసలో. చదవడం తడబడే పిల్లలుంటే ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు కథలు స్థాయిలవారీగా దొరుకుతాయి, పీడీఎఫ్ దించి ప్రింటు తీయొచ్చు. ఆ కథలు క్రియేటివ్ కామన్స్ లైసెన్స్‌లో ఉన్నాయి కాబట్టి రచయిత, చిత్రకారుల పేర్లు ఉంచి మార్చి వాడుకోవచ్చు. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే గైడ్ల పీడీఎఫ్‌లకు ఆ వీలు లేదు, వాటిని బడి పేరుతో మళ్లీ పంచొద్దు.

మీరు ఏ పాఠం దగ్గర ఉన్నారో కింద రాస్తే దానికి సరిపోయేవి చెబుతాను.