ఎలుకల గదికి మల్లెపూలు పెట్టుకుని పోవద్దు

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. బెంగళూరులో నీకు పీహెచ్‌డీ సీటు వచ్చిందని గట్టిగా చెప్పి, వెంటనే గొంతు తగ్గించి, "ఎలుకలంటక్కా. అదీ ఆ జబ్బు గురించేనంట" అంది. ఏ జబ్బో ఇద్దరమూ పేరెత్తలేదు. నలభై ఏళ్ళుగా మన ఇంట్లో దాని పేరు స్కిజోఫ్రెనియా కాదు, "చిన్నమామకు బాగలేదు", అంతే. ఆ పేరు నువ్వు రోజూ నోటితో అనబోతున్నావని గర్వంగా ఉంది. అందుకే భయంగానూ ఉంది.

ముందు చిల్లర సంగతులు. ఎథిక్స్ కమిటీ అనుమతి రాకుండా ఒక్క ఎలుకనూ ముట్టుకోవద్దు. పరీక్షకు ముందు కొన్నాళ్ళపాటు రోజూ చేతిలోకి తీసుకుని అలవాటు చెయ్యి. ఎర్ర లైటు వాటికి సరిగా కనపడదు, ఆ వెలుతురులో పని నేర్చుకో. దీపావళి వారంలో పరీక్షలు పెట్టొద్దు. జడలో మల్లెపూలతో యానిమల్ హౌస్‌కు పోవద్దు. నవ్వకు, నేను పోయాను. మగవాళ్ళ ఒంటి వాసనకే అవి ఒత్తిడి పడతాయని 2014లో తేల్చారు, ఇక మల్లెల సంగతి చెప్పాలా!

నువ్వు పనిచేయబోయే జీన్ కాక్నా-1సి అని మీ అమ్మ నాలుగుసార్లు తప్పు పలికి చెప్పింది. మెదడు కణాల్లోకి కాల్షియం పోయే దారుల్లో ఒకదాన్ని కట్టడం దాని పని. 2013లో ఐదు మానసిక జబ్బులకు కలిపి జన్యువుల్లో వెతికినప్పుడు పైకి తేలిన పేర్లలో అదొకటి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే రెండు కాపీలూ తీసేస్తే పిల్ల కడుపులోనే పోతుంది, అందుకే ఒక్క కాపీ తీసిన ఎలుకలతో పని. ఎలుకపిల్లలు ఆడుకుంటూ 50 కిలోహెర్ట్జ్ దగ్గర కూస్తాయి కదా, మన చెవికి అందకుండా. ఆ ఒక్క కాపీ లేని మగపిల్లలు ఆట తగ్గించవు, కూతలు తగ్గిస్తాయి. ఇది చదివిన రోజు నేను ఇంకో పేజీ తిప్పలేకపోయాను. జబ్బు మొదట్లో మీ చిన్నమామ క్యారమ్స్ మానలేదు. గెలిచినా కేక పెట్టడం మానేశాడు. ఎలుకను మనిషికి అంటగట్టొద్దని నీకు చెప్పాల్సింది పోయి నేనే అంటగట్టాను చూడు.

ఆ అలవాటు పాతది. దాని కథే నీకు చెప్పాలి.

1991లో మాకు జీన్ తీసేసిన ఎలుకలు లేవు. పిరికివాటిని పిరికివాటితో, ధైర్యం గలవాటిని ధైర్యం గలవాటితో తరాల తరబడి జతకట్టించి రెండు వంశాలు చేశాం. ప్లస్ మేజ్ మీద, అంటే రెండు చేతులకు గోడలుండి రెండింటికి లేని ఎత్తైన ప్లస్ ఆకారపు బల్ల మీద, పిరికి వంశం పిల్లలను 24 వదిలాను. గోడలు లేని వైపు దాదాపు ఏదీ అడుగు పెట్టలేదు. నేను ఎగిరి గంతేసి, "ఇది పుట్టుకతో వచ్చిన భయమే" అని సెమినార్లో స్లైడ్ వేశాను. వెనక వరసలోంచి ఒక పెద్దాయన మెల్లగా అడిగాడు: "ఆ 24 ఎన్ని తల్లుల పిల్లలమ్మా?"

మూడు తల్లులవి. మూడు ఈతలు. ఒకే తల్లి కింద పెరిగినవి ఒకదాన్నొకటి పోలే ఉంటాయి, అంటే నా చేతిలో ఉన్నవి 24 సాక్ష్యాలు కావు, మూడే. మరుసటి ఏడాది, పుట్టిన రోజే పిల్లలను రెండు వంశాల తల్లుల మధ్య అటువి ఇటు మార్చి పెంచాం. తేడా చాలావరకు కరిగిపోయింది. పిరికి తల్లులు పిల్లలను నాకడమే తక్కువ. తల్లి బాగా నాకి పెంచిన పిల్లలు పెద్దయ్యాక ఒత్తిడికి తక్కువ బెదురుతాయని 1997లో మాంట్రియల్ వాళ్ళు చూపించారు. అప్పటికే నాకు అవమానం అయిపోయింది.

లెక్క రాక చేసిన తప్పు కాదది. మన వీధిలో మా అమ్మ, అదే మీ అవ్వ, ముందరే చిన్నమామ గురించి అనేవాళ్ళు, "గారాబం చేసి చెడగొట్టింది" అని. 1983లో వాడిని తీసుకుని హిందూపురం నుంచి మొదటి బస్సుకు బెంగళూరు మానసిక ఆసుపత్రి నిమ్హాన్స్‌కు వచ్చినప్పుడు, డాక్టరును అవ్వ అడిగిన మొదటి మాట, "నేనేమన్నా తప్పు చేసినానా సార్?" ఆ మాట నా చెవిలో అట్లే ఉండిపోయింది. తప్పు రక్తానిదైతే అవ్వది కాదు. అందుకని నాకు పుట్టుకే కావాల్సొచ్చింది. నా రికార్డు పుస్తకంలో తల్లి నంబరుకు గడే లేదు. పిల్లలను మార్చిన ఫలితం వచ్చాక ఆరు నెలలు ఊరికి పోలేదు, అవ్వ మొహం చూడలేక. ఎలుక నాకడానికీ తమ్ముడి జబ్బుకీ ముడి వేసింది నేనే, ఏ డాక్టరూ కాదని తెలుసుకోవడానికి అంతకాలం పట్టింది.

నువ్వు మొదటి గడి తల్లి నంబరుకే పెట్టు. జీన్ లేని కాపీ తండ్రి నుంచి వచ్చేలా జతకట్టించు, తల్లులన్నీ మామూలువై ఉండనీ. ఒకే ఈతలో పుట్టిన రెండు రకాలనూ పోల్చు. ఏది ఏ రకమో పరీక్ష అయ్యేదాకా నీకు తెలియకూడదు, కోడ్ వేరేవాళ్ళ దగ్గర దాచు.

ఇంకో మాట, ఇది పెద్దమ్మగా. రాత్రి రెండింటికి ల్యాబులో ఒక్కదానివే కూర్చుని, మేనమామకు ఉంటే నాకెంత అని లెక్కలు వేసుకుంటావు. నేనూ వేసుకున్నాను. 2022 నాటికి ఈ జబ్బుకు జన్యువుల్లో 287 చోట్లు తేలాయి, చాలావాటి బరువు ఆవగింజంత. అచ్చు ఒకేలా పుట్టిన కవలల్లో ఒకరికి వచ్చినా, రెండోవాళ్ళలో సగం మందికి పైగా రాదు. అయినా లెక్క వేయాలనిపిస్తే ఫోన్ చెయ్యి. తిడతాను, తెల్లారాక వస్తే ఉగ్గాని చేసిపెడతాను.

శనివారం మల్లేశ్వరం రా. చిన్నమామకు నీ ఎలుకల సంగతి చెప్పాను. మాత్ర వేసుకుని, కాసేపాగి, "వాటికి పేర్లు పెడతారా?" అన్నాడు. నంబర్లే ఉంటాయన్నాను. వినలేదు. రెండు పేర్లు రాసిచ్చాడు, కాగితం ఫ్రిజ్ మీద పెట్టాను.

పెద్దమ్మ