టెక్ సందేహాలు: క్రాంక్ పుల్లీ సరే, ఆ ఏపీకే సంగతేంటి?

పాలకొల్లు నుంచి ఒక పాఠకుడు రాశారు: “మాది పదేళ్ల నాటి డీజిల్ కారు. ముందు వైపు ఆయిల్ సీలు కారుతోంది. ఇంట్లోనే మార్చుకుందామని క్రాంక్ పుల్లీ (ఇంజిన్ ముందు వైపు బెల్టులు తిప్పే చక్రం) తీయబోతే మధ్య బోల్టు కదలనే లేదు. మా వాట్సాప్ గ్రూపులో ఒకాయన ఈ కారు వర్క్‌షాప్ మాన్యువల్ అంటూ ఏపీకే ఫైలు (ప్లే స్టోర్‌తో పనిలేకుండా యాప్ ఎక్కించే ఫైలు) పెట్టారు. ఇన్‌స్టాల్ చేశాక, యాక్సెసిబిలిటీ ఆన్ చేస్తేనే పేజీలు తెరుచుకుంటాయని అంటోంది. చేయమంటారా?”

చేయకండి. బోల్టు గురించి చదివేలోపు ఎక్కడ ఆన్ చేసేస్తారో అన్న టెన్షన్‌తో ఈ ముక్క ముందే చెబుతున్నా. ఇలాంటి ఫైళ్ల మీద నాకు ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. భీమవరం వైపు నుంచి వస్తే చేపల చెరువు ఏరేటర్ మోటారు సర్వీసు పుస్తకం అంటారు, తణుకు నుంచి వస్తే ట్రాఫిక్ చలానా అంటారు. పైన పేరు మారుతుందంతే, లోపల సరుకు ఒకటే.

ముందు బోల్టు పని చూద్దాం. పానాకు గొట్టం తొడిగి బలం పెట్టేముందు మూడు సంగతులు తెలియాలి. ఆ బోల్టుది మామూలు మరా, ఎడమ మరా? కొన్ని ఇంజిన్లలో ఎడమ మర ఉంటుంది. అలాంటిదాన్ని మీరు విప్పుతున్నానుకుని ఇంకా బిగించేస్తారు. రెండోది, పుల్లీ వెనక టైమింగ్ చక్రాన్ని (వాల్వులనూ పిస్టన్లనూ ఒకే లయలో నడిపించే పళ్ల చక్రం) క్రాంకుకు పట్టి ఉంచే చిన్న ఇనుప కీ ఉందా లేదా? కీ లేని ఇంజిన్లలో ఆ చక్రాన్ని కదలకుండా నిలబెట్టేది ఈ ఒక్క బోల్టు బిగింపే. చక్రాలు కదలకుండా లాక్ పిన్నులు పెట్టకుండా వదులు చేస్తే టైమింగ్ జారిపోతుంది, మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. సీలు ఖర్చు కాస్తా ఇంజిన్ హెడ్డు ఖర్చు అవుతుంది. మూడోది, బోల్టును తిరిగి వాడొచ్చా? బిగించేటప్పుడు సాగేలా చేసిన బోల్టులు ఒక్కసారికే. తీస్తే కొత్తది వేయాల్సిందే, కంపెనీ చెప్పిన టార్క్‌కు (తిప్పే బలానికి) బిగించి ఆపైన చెప్పినన్ని డిగ్రీలు తిప్పాలి. కొన్ని ఇంజిన్లలో ఆ టార్క్ 200 న్యూటన్ మీటర్లు దాటుతుంది.

మీ ఇంజిన్‌కు ఈ మూడింటి జవాబులు దొరికే వరకూ బోల్టు జోలికి వెళ్లకండి. దొరికాక, పుల్లీ పట్టుకునే టూలుతోనో ఫ్లైవీల్ లాక్‌తోనో ఇంజిన్ తిరగకుండా ఆపి పొడవాటి పానా వాడండి. టాప్ గేరులో వేసి ఇంకొకరిని బ్రేకు తొక్కమనడం మాన్యువల్ గేరు బండికే పనికొస్తుంది, ఆటోమేటిక్‌కు కుదరదు. పానాను ఛాసిస్‌కు ఆనించి సెల్ఫ్ కొట్టి బోల్టు వదిలించే వీడియోలను మాత్రం అనుకరించవద్దు. ఇంజిన్ అంటుకుంటే ఆ పానా ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. దగ్గర్లో లారీ షెడ్డు ఉంటే గాలి గన్ను ఉంటుంది. ఒక్కసారి వదులు చేయించుకుని, చేత్తో బిగించి, ఇంటికి తోలుకురావచ్చు అనుకుంటారేమో. అదీ వద్దు, వదులైన బోల్టుతో ఇంజిన్ నడపకూడదు. చేయిస్తే పని మొత్తం అక్కడే చేయించండి.

పుల్లీని పళ్ల పుల్లర్‌తో అంచు పట్టి లాగకండి. చాలావాటిలో లోపలి హబ్బుకూ బయటి రింగుకూ మధ్య రబ్బరు ఉంటుంది. అంచు పట్టి లాగితే ఆ రబ్బరు ఊడుతుంది. హబ్బు మీద మర ఉన్న బెజ్జాలుంటే వాటికి బోల్టులు వేసే పుల్లరే వాడాలి. ఇక జాకీ సంగతి. మన డెల్టా నేల ఒండ్రు నేల. వాన పడ్డాక పెరట్లో జాకీ పెడితే నిలువునా దిగబడుతుంది. సిమెంటు గచ్చు మీద, స్టాండు వేశాకే చక్రం విప్పండి.

ఇప్పుడు అసలు గొడవకొస్తా. మాన్యువల్ అంటే పేజీలు. పేజీలు చూడటానికి పీడీఎఫ్ చాలు, యాప్ అక్కర్లేదు. యాక్సెసిబిలిటీ అన్నది చూపు సరిగా లేనివారికి ఫోను తెర మీదున్నది చదివి వినిపించడానికి, వారి తరఫున బటన్లు నొక్కడానికి పెట్టిన ఏర్పాటు. ఆ అనుమతి దక్కిన దొంగ యాప్ మీ తెర మీద కనిపించేది చాలావరకు చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. దానికి ఎస్సెమ్మెస్ అనుమతి కూడా తోడైతే ఓటీపీ మీ కంట పడకముందే వెళ్లిపోతుంది. ఇంటి తాళాలు గంపగుత్తగా చేతికిచ్చి, ఒక్క గదే చూసి రమ్మన్నట్టుంటుంది వ్యవహారం.

ఆండ్రాయిడ్ 13 నుంచి బయటి ఏపీకేలకు ఈ అనుమతి నేరుగా దొరకదు, ‘రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్’ అని అడ్డు చెబుతుంది. మోసగాళ్లు దానికీ మందు కనిపెట్టారు. యాప్ ఇన్ఫోలోకి వెళ్లి, మూడు చుక్కలు నొక్కి, ఆ అడ్డు తీసేయండని బొమ్మలు వేసి మరీ నేర్పుతారు. మనవాళ్లు ఓపిగ్గా చేస్తారు. ఫోను వద్దు మొర్రో అంటుంటే మూడు తెరలు దాటి వెళ్లి ఒప్పుకునేవాళ్లను చూస్తే నాకు కోపమే వస్తుంది.

మీరు ఆన్ చేయకపోయినా ఇన్‌స్టాల్ చేశారు కాబట్టి దాన్ని వెంటనే తీసేయండి. ఎస్సెమ్మెస్ అనుమతి ఇచ్చారేమో గుర్తు తెచ్చుకోండి. అన్‌ఇన్‌స్టాల్ బటన్ పనిచేయకపోతే సెట్టింగ్స్‌లో డివైస్ అడ్మిన్ జాబితా చూసి అక్కడ టిక్కు తీయండి. అప్పటికీ మొండికేస్తే డేటా, వైఫై ఆపి సేఫ్ మోడ్‌లో (బయటి యాప్‌లు నడవని పద్ధతి) ప్రయత్నించండి. అనుమతులేవైనా ఇచ్చి ఉంటే బ్యాంకు, మెయిలు పాస్‌వర్డులు వేరే ఫోను నుంచి మార్చాలి, ఇదే ఫోను నుంచి మారిస్తే కొత్తవి కూడా దొంగకు చెప్పినట్టే. ఆ తర్వాత ఫోటోలు భద్రం చేసుకుని ఫోను రీసెట్ కొట్టండి. డబ్బు పోయిందని తెలిస్తే ఆ క్షణమే బ్యాంకుకూ సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ ఫోన్ చేయండి, రేపు పొద్దున చూద్దామనుకోవద్దు. ఫైలు పెట్టిన పెద్దమనిషితో కూడా ఒకసారి నేరుగా మాట్లాడండి. నేను పంపలేదండీ అన్నాడంటే ఆయన ఫోనో వాట్సాపో ఈపాటికే వేరేవాళ్ల చేతిలో ఉన్నట్టు.

తప్పంతా పాఠకులదే అని మాత్రం అనను. ఒక బోల్టు ఏ వైపు తిరుగుతుంది, ఎంత బిగించాలి అన్నది రహస్యం ఎలా అవుతుంది? కారుతో ఇచ్చే పుస్తకంలో ఫోన్ బ్లూటూత్ కలపడం మీద పేజీలకు పేజీలు ఉంటాయి. టార్క్ అంకెలు వెతికితే చక్రాల నట్లతో సరి. తెరకు కొత్త రంగుల అప్‌డేట్ ఇంటికే పంపగలిగిన కార్ల కంపెనీలకు మరమ్మతు పుస్తకాన్ని తగిన ధరకు అమ్మడం చేతకాదా? కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరు 24న మరమ్మతు సమాచారం ఒకచోట దొరికేలా రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది, వాహనాలను కూడా అందులో చేర్చింది. పాత బండికి కావలసిన కాగితం మాత్రం సొంతదారుడు ఇప్పటికీ గ్రూపుల్లోనే వెతుక్కుంటున్నాడు. తలుపు మూసేస్తే జనం కిటికీ దగ్గరికే పోతారు, అక్కడ దొంగ కూర్చుని ఉంటాడు. మీకు నేను చెప్పగలిగే దారి ఒకటే. మీ ఛాసిస్ నంబరుతో సర్వీసు సెంటర్‌కు వెళ్లి ఆ మూడు ప్రశ్నలూ రాసిచ్చి జవాబు అడగండి. లేదా ఇదే ఇంజిన్ విప్పి బిగించే మెకానిక్‌ను అడగండి. ఆయన నోటి మాట ఆ ఏపీకే కన్నా వెయ్యి రెట్లు నయం.

అమలాపురం నుంచి ఇంకో ఉత్తరం, దాదాపు ఇదే దారి: “షెడ్డులో క్రాంక్ పుల్లీ మార్చాక ఇంజిన్ లైటు వెలుగుతోంది. కారు లోపాల కోడు చదివే చవక బ్లూటూత్ డాంగిల్ కొని చూస్తే పీ0315 అని వచ్చింది. చెరిపితే మళ్లీ వస్తోంది. యాప్ లొకేషన్ కూడా అడుగుతోంది.”

పీ0315 అంటే క్రాంక్ పొజిషన్ తేడాలను కంప్యూటర్ ఇంకా నేర్చుకోలేదని. పార్టు మారింది కాబట్టి మళ్లీ నేర్పించాలి, చెరిపితే పోదు. ఆ నేర్పించే పని మీ డాంగిల్‌తో కాకపోవచ్చు. దానికి మీ బండికి తగిన స్కానర్ ఉన్న షెడ్డు వెతకండి, రీలెర్న్‌కు ఎంత తీసుకుంటారో ముందే మాట్లాడుకోండి. పీ0335 వచ్చి ఉంటే క్రాంక్ సెన్సర్ సర్క్యూట్, దాని వైరు, పుల్లీ దగ్గర పళ్ల రింగు ఉంటే అది చూడమనేవాణ్ణి. పీ0016 (క్రాంకుకూ క్యామ్‌కూ పొంతన కుదరలేదని చెప్పే కోడు) అయితే బండి కదపకుండా టైమింగ్ చూపించమనేవాణ్ణి.

లొకేషన్ అడగడం ఒక్కటే అయితే అనుమానించక్కర్లేదు. ఆండ్రాయిడ్ 11 వరకు బ్లూటూత్ పరికరాలు వెతకాలంటే యాప్‌లు ఆ అనుమతి అడగాల్సి వచ్చేది. 12 నుంచి ‘నియర్‌బై డివైసెస్’ అని వేరే అనుమతి వచ్చింది. కాంటాక్టులు, ఎస్సెమ్మెస్‌లు అడిగితే మాత్రం తీసేయండి.

డాంగిల్‌ను కారు డయాగ్నొస్టిక్ పోర్టులోనే వదిలేయవద్దు. ఇలాంటి చవక డాంగిల్స్‌లో చాలావాటి పిన్ 1234 లేదా 0000. ఆ పోర్టు నేరుగా కారు లోపలి నెట్‌వర్క్‌కు దారి. 2015లో అమెరికాలో కాలిఫోర్నియా వర్సిటీ పరిశోధకులు ఇలాగే ఆ పోర్టుకు తగిలించే ఒక ఇన్సూరెన్స్ పరికరానికి ఎస్సెమ్మెస్‌లు పంపి ఒక కారు బ్రేకులు పనిచేయించి, పనిచేయకుండానూ చేసి చూపించారు. మీ డాంగిల్‌కు సిమ్ లేదు కాబట్టి అంత దూరం నుంచి రాలేరు, పక్కన బండి ఆపుకున్నవాడు రాగలడు. కోడ్ చూసుకున్నాక తీసి డ్యాష్‌బోర్డు అరలో పడేయండి. పోర్టులో ఉంచితే నెలల తరబడి వాడని కారు బ్యాటరీ కూడా దించేస్తుంది.