ఆ గడువు దేవుడు పెట్టింది కాదు

ప్రశ్న: మాది హన్మకొండ. నాకు 33 ఏళ్లు. పెళ్లై ఏడేళ్లయినా పిల్లలు లేరు. మా సంఘంలో ఉపవాస ప్రార్థనకు వచ్చిన ఒక దైవజనుడు ‘వచ్చే క్రిస్మస్‌కు నీ ఒడిలో బిడ్డ ఉంటుంది’ అని ప్రవచించారు. ఆ ఏడు డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో కొత్త ఏటికి నాకు వచ్చిన వాగ్దానం కార్డు మీద కూడా యిర్మీయా 29:11, మీ విషయంలో నావి మేలు ఉద్దేశాలేనని దేవుడు చెప్పే వచనం. చెప్పిన క్రిస్మస్ వచ్చి వెళ్లిపోయింది. నా విశ్వాసంలోనే లోపం ఉందని అత్తగారు అంటున్నారు. మందులు వాడితే దేవుణ్ణి నమ్మనట్టేనని చికిత్స మానేశాం. మా వారు ఇంతవరకు పరీక్ష చేయించుకోలేదు. బిడ్డ పుడితే కష్టమని బి.ఎడ్. సీటు వదులుకున్నాను. ఇప్పుడు ప్రార్థనకు కూర్చుంటే కోపం వస్తోంది. ఇంకా ఎలా కనిపెట్టాలి, దేవుని కోసం ఎలా ఎదురుచూడాలి?

జవాబు: సోదరీ, మీ అత్తగారి మాటతోనే మొదలుపెడతాను. మీ మనసు మీది బరువంతా ఆ మాటదే అనిపిస్తోంది. ద్వితీయోపదేశకాండం 18:22 చూడండి. ప్రవక్త యెహోవా పేరున చెప్పిన మాట నెరవేరకపోతే అది యెహోవా చెప్పింది కాదని, ఆ ప్రవక్త అహంకారంతో చెప్పాడని అక్కడ ఉంది. విన్నవారి విశ్వాసం చాలలేదన్న ముక్క అందులో లేదు. క్రిస్మస్ దాటిపోయినందుకు మీరు ఎవరికీ జవాబుదారీ కారు. ఈ వచనం మీ వారితో కలిసి చదవండి. ఆ నింద మళ్లీ వచ్చినప్పుడు తల్లికి నచ్చజెప్పవలసింది ఆయన. కోడలు చెబితే ఎదురు తిరిగిందంటారు, కొడుకు చెబితే వింటారు.

మీకు వచ్చిన వాగ్దానం మంచిదే. అయితే కార్డు మీద పట్టేది ఒక్క వచనమే. ఒక సాయంత్రం తీరిగ్గా యిర్మీయా 28, 29 అధ్యాయాలు కలిపి చదవండి. హనన్యా అనే ప్రవక్త మందిరంలో అందరి ముందూ నిలబడి, బబులోను రాజు చెరపట్టుకుపోయిన యూదా వారంతా రెండేళ్లలో తిరిగి వస్తారని ప్రకటిస్తాడు. యిర్మీయా మొదట ‘ఆమేన్’ అంటాడు. అలా జరిగితే ఆయనకు మాత్రం సంతోషం కాదా? కానీ ఆ గడువును నమ్మడు. తర్వాత బబులోనులో ఉన్న చెరవారికి ఉత్తరం రాస్తాడు. డెబ్బై ఏళ్లు పడుతుంది, ఈలోగా ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి వాటి పండ్లు తినండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అంటాడు. మీ 11వ వచనం ఆ ఉత్తరంలోదే. కనిపెట్టమన్న దేవుడే తోట నాటమని కూడా అన్నాడు. అందుకే మీరు వదులుకున్న సీటు నన్ను బాధపెట్టింది. ఈసారి బి.ఎడ్. ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ రాయండి. రెండేళ్ల చదువు. మధ్యలో బిడ్డ కలిగితే అప్పుడు చూసుకోవచ్చు. మన దగ్గరి సంగతే చెబుతాను. అజరయ్య గారు 1912లో దోర్నకల్ బిషప్ అయ్యారు, అక్కడి కాథెడ్రల్ ప్రతిష్ఠ జరిగింది 1939లో. గుడి పూర్తయ్యాక సేవ చేద్దామని ఆయన ఆగి ఉంటే ఈ చుట్టుపక్కల పల్లెల్లో ఎన్ని సంఘాలు ఉండేవి?

చికిత్స విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను, మళ్లీ మొదలుపెట్టండి. జబ్బుపడిన యూదా రాజు హిజ్కియాను బాగుచేస్తానని దేవుడు స్వయంగా మాట ఇచ్చాడు. అయినా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి కురుపు మీద వేయించాడు (2 రాజులు 20). ఆ ముద్ద వల్ల ఎవరి విశ్వాసమూ తగ్గలేదు. ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోతే దంపతులిద్దరికీ పరీక్షలు చేయాలని, స్త్రీ వయసు 35 దాటితే ఆరు నెలలకే చేయాలని వైద్యులు చెబుతారు. మీకు ఏడేళ్లయింది. సంతానం కలగని జంటల్లో దాదాపు సగం మందిలో భర్త వైపు కారణం కూడా ఉంటుంది. వీర్య పరీక్షకు కోతలు, సూదులు ఉండవు. రెండు నుంచి ఏడు రోజులు దాంపత్యానికి ఎడంగా ఉండి నమూనా ఇస్తే చాలు. మీ వారికి మొహమాటంగా ఉంటే మీరూ వెంట వెళ్లండి. ఆయన పరీక్ష కాకుండా మీరొక్కరే మందులు మింగడంలో అర్థం లేదు.

ఇక కోపం. దాన్ని దాచి ప్రార్థించకండి, దానితోనే ప్రార్థించండి. 13వ కీర్తన మొదటి రెండు వచనాల్లోనే దావీదు ‘ఎన్నాళ్లు, ఎంతవరకు’ అని నాలుగుసార్లు నిలదీస్తాడు. పిల్లలు లేని హన్నా మందిరంలో ప్రార్థిస్తూ పెదవులు కదుపుతుంటే ఏలీ యాజకుడు ఆమె తాగిందనుకున్నాడు. మనోదుఃఖంతో ఆత్మను కుమ్మరించుకుంటున్నానని ఆమె మర్యాదగానే, తడబడకుండా చెప్పింది. ఆ తర్వాత వెళ్లి భోజనం చేసింది, ముఖంలో దుఃఖం పోయింది. సమూయేలు పుట్టడం ఆ తర్వాతి మాట, అప్పటికి ఆమె చేతిలో ఏమీ లేదు. మీకు బిడ్డ పుడుతుందని నేను మాట ఇవ్వలేను, అలా మాట ఇచ్చేవారిని మళ్లీ దగ్గరకు రానివ్వకండి. హన్నాకు ఆ రోజు దొరికిన నెమ్మదిని మాత్రం మీరూ అడగవచ్చు.

ప్రతి కూడికలో మీ పేరు పెట్టి గర్భఫలం కోసం ప్రార్థిస్తుంటే అందరి కళ్లూ మీ మీదే ఉంటాయి. అది కష్టంగా ఉంటే పాస్టర్ గారితో చెప్పి ఆపించండి. ఆయనతో చెప్పలేకపోతే పాస్టరమ్మ గారితో చెప్పండి. నమ్మకమైన ఇద్దరు సోదరీమణులు మీ ఇంటికి వచ్చి మీతో కూర్చుని ప్రార్థిస్తే చాలు.