గొంతు గింగురుమంటే మైకు మార్చాల్సిన పనిలేదు

అన్నా, తిరుపతిలో మేడమీది పదడుగుల గదిలో కీర్తనలు రికార్డు చేస్తే డబ్బాలో పాడినట్టుందనీ, రెండు వేలలో ఏ మైకు కొనాలనీ అడిగారు. ఏదీ కొనొద్దు. మీ దగ్గరున్న యూఎస్‌బీ కండెన్సర్ మైకు చాలు, తప్పు గోడలది. కొత్త మైకూ ఆ మోతనే పట్టుకుంటుంది, ఇంకా శుభ్రంగా.

మీదిలాంటి కార్డియాయిడ్ రకం మైకు తన ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా తీసుకుంటుంది. అంటే మీ వెనక గోడకు తగిలి తిరిగొచ్చే మోత నేరుగా అందులోకే పోతుంది. అందుకే బొంతలు ముందు మీ వీపు వెనక కట్టాలి. మందపాటివి రెండు, దండెం మీద, గోడకు జానెడు ఎడంగా. గది నట్టనడుమ మాత్రం నిలబడొద్దు. గుడ్ల ట్రేలు దండగ, అంత పలచటి అట్ట కింది స్థాయి మోతను ఆపదు.

మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు. ‘ప’, ‘భ’ల గాలి సూటిగా తగలదు. పై స్థాయిలో గట్టిగా పాడి చూసి, మీటరు మైనస్ 10 డెసిబెల్స్ దాటకుండా గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే మోతాదు) పెట్టండి.

ఫ్యాన్ ఆపాల్సిందే. మే నెలలో మన ఊళ్లో అది శిక్షే, రికార్డింగ్ తెల్లవారుజామున పెట్టుకోండి. మొదట ఐదు సెకన్లు మౌనంగా రికార్డు చేస్తే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ ప్రొఫైల్‌కు, అంటే గది రొద నమూనాకు, పనికొస్తుంది. రొద తగ్గింపు 6 నుంచి 9 డెసిబెల్స్ చాలు. మించితే గమకాల చివర్లు తెగిపోతాయి. తర్వాత 80 హెర్ట్జ్ దగ్గర హై పాస్ ఫిల్టర్ పెట్టండి, అంతకు కిందున్న గుయ్‌మనే మోతను తగ్గిస్తుంది.

శ్రుతి బాక్సును స్పీకర్లో పెట్టి పాడకండి, గొంతు ట్రాకులో కలిసిపోయి విడదీయలేరు. డబ్బు ఖర్చు పెట్టాలనే ఉంటే, శ్రుతి వినడానికి చెవుల్ని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్ కొనండి.