పన్నెండు కంతలు, పది మంది పిల్లలు

"అపార్ట్‌మెంట్లో పదమూడు నుంచి పదహారేళ్ల పిల్లలకి టీం ఆటల కోర్సు పెడుతున్నాం, ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?" అని అడిగారు. బెంగళూరులో మా తెలుగు సంఘం పిల్లలకి నాలుగు వేసవులు నడిపిన అనుభవంతో చెప్తున్నా: ముందు తల్లిదండ్రుల్ని గేటు బయట పెట్టండి. తాళ్ల సంగతి తర్వాత.

మారతహళ్లి దగ్గర ఖాళీ స్థలంలో రెండు కానుగ చెట్ల మధ్య తాళ్లతో సాలెగూడు కట్టాం. పన్నెండు కంతలు, పది మంది పిల్లలు. అందరూ అవతలికి దాటాలి, ఒక కంతలోంచి ఒక్కరే దూరాలి, తాడు తగిలితే అందరూ మళ్లీ మొదటికి. తగిలిందీ తగల్లేదూ అని కొట్టుకోకుండా చిక్‌పేటలో గజ్జెలు కొనుక్కొచ్చి కట్టాను. భుజాల కంటే పైకి ఎవర్నీ ఎత్తకూడదు, ఎత్తిన మనిషి తల దగ్గర ఇద్దరు కాచుకోవాలి. ఇది మాత్రం బతిమాలే విషయం కాదు, వినకపోతే ఆట ఆపేయండి.

ఆ రోజు బక్కపిల్లలంతా కింద ఉన్న పెద్ద కంతల్లోంచి చకచకా దూరిపోయారు. ఆఖరికి ఒక లావుపాటి కుర్రాడు మిగిలాడు. మిగిలిన మూడు కంతలూ వాడి ఛాతీ ఎత్తున, సన్నగా ఉన్నాయి. ఎవడో కిసుక్కున నవ్వాడు. కుర్చీలో కూర్చున్న ఒక అంకుల్ "ఒరేయ్, వాడికి క్రేన్ తెప్పించండ్రా!" అన్నాడు. కుర్రాడు చొక్కా అంచు పట్టుకుని కిందికి లాక్కుంటున్నాడు, పదే పదే.

నేను నోరు తెరవబోయేలోపే అవతల ఉన్న ఒక పిల్ల "సుమ్నిరో!" (ఊరుకోరా) అని నవ్వినవాణ్ణి కన్నడంలో కసిరి, తాడు రెండు చేతులా పట్టుకుని ఊపేసింది. గజ్జెలన్నీ ఘల్లుమన్నాయి. "తగిలింది అంకుల్, అందరం మొదటికి" అంది నాతో.

ఈసారి తాడు ముట్టకుండా పది నిమిషాలు వాదించుకున్నారు. అందరికంటే పెద్ద కంత వాడికి ఇచ్చి మూడోవాడిగా పంపారు, అవతలి నుంచి అందుకోవడానికి బలమైనవాడు కావాలని. ఏడుగురు దాటేసరికి మే నెల సాయంత్రపు వాన దిగింది, ఆపేశాం.

ఇంకో మాట. స్కౌట్స్ మొదలుపెట్టిన బేడెన్ పవెల్ 1907లో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవి క్యాంపుకి తీసుకెళ్లింది ఓ ఇరవై మంది అబ్బాయిల్ని, వాళ్లనీ నాలుగు జట్లు చేశాడు. మా కమిటీవాళ్లేమో ఒకసారి ఒక్క సాలెగూటికి నలభై మందిని తోలుకొచ్చారు. టీషర్టుల రంగు మీద మూడు మీటింగులు పెట్టుకున్నవాళ్లకి జట్టుకి ఎంతమందన్నది తట్టలేదు!

తడిసి ముద్దయి తాళ్లు విప్పుతుంటే ఒక నాన్నగారు గొడుగేసుకుని వచ్చారు. "మావాడికి ఎన్నో ర్యాంకండీ?"

తాడు రెండో కొస పట్టుకోమని ఆయన చేతికిచ్చాను.