పల్లె కౌంటీలో ఉచిత పన్ను సహాయ కేంద్రం: రెండో మనిషి దొరికాకే తలుపు తెరవండి

మీ ఊళ్ళో నాలుగు తెలుగు కుటుంబాలున్నాయనీ, లైబ్రరీ వారు గది ఇస్తామన్నారనీ, ఉచితంగా పన్ను రిటర్నులు వేసిపెట్టే దగ్గరి కేంద్రం డెబ్బై మైళ్ళ దూరంలో ఉందనీ రాశారు. అందుకని వచ్చే జనవరిలో మీరే ఒకటి తెరవవచ్చా, తెరిస్తే ఎంతమంది కావాలి, జనం వస్తారా అని అడిగారు. నెబ్రాస్కా రాష్ట్రంలో మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఒక చిన్న కౌంటీ కేంద్రంలో ఆరు సీజన్లుగా ఈ పని చేస్తున్నాను గనుక నా అనుభవం చెబుతాను. ఈ జనవరిలో తెరవవద్దన్నదే నా సలహా. ఎంతమంది కావాలన్న ప్రశ్నను మాత్రం కొంచెం మార్చి చూడండి: రిటర్ను వేసేవారు ఎంతమంది ఉన్నారన్నది కాదు, వేసినదాన్ని సరిచూసే రెండో మనిషి సీజను పొడుగునా ఉంటారా అన్నది చూసుకోవాలి.

మా వారు వైద్యులు. జె-1 వీసా మీద రెసిడెన్సీ చేసినవారు రెండేళ్ళు స్వదేశానికి వెళ్ళి ఉండాలన్న నిబంధన నుంచి మినహాయింపు కావాలంటే డాక్టర్ల కొరత ఉన్న ప్రాంతంలో మూడేళ్ళు పనిచేయడం ఒక దారి. మేము ఆ దారినే ఈ ఊరు చేరాము. విజయవాడలో పదేళ్ళు ఆడిటరుగా పనిచేసిన నేను ఇక్కడ భార్యగా వచ్చిన హెచ్-4 వీసా మీద జీతం తీసుకోకూడదు కనుక, లైబ్రరీ గోడ మీద 'వీటా' ప్రకటన చూసి ఫోను చేశాను. అమెరికా పన్ను శాఖ అయిన ఐ.ఆర్.ఎస్. యాభై ఏళ్ళకు పైగా నడిపిస్తున్న స్వచ్ఛంద పన్ను సహాయ పథకమే వీటా. పెద్దగా ఆదాయం లేనివారికి (2025 సీజనులో స్థూలంగా 67,000 డాలర్ల లోపువారికి), వికలాంగులకు, ఇంగ్లీషు అంతగా రానివారికి శిక్షణ పొందిన వాలంటీర్లు రిటర్నులు వేసిపెడతారు. అరవై దాటినవారి కోసం దీనికి తోడుగా మరో పథకం ఉంది. అమెరికా సి.పి.ఏ.లకూ, లాయర్లకూ, ఐ.ఆర్.ఎస్. గుర్తింపు పొందిన పన్ను నిపుణులైన ఎన్‌రోల్డ్ ఏజెంట్లకూ పరీక్షలో కొంత వెసులుబాటు ఉంది గానీ మన సి.ఏ. చదువుకు అది వర్తించదు. అందరితోపాటు నేనూ మొదటి పాఠం నుంచి కూర్చుని చదివాను. ఒక రకంగా మంచిదే అయింది, ఎందుకంటే మన దగ్గర నేర్చుకున్నదాంట్లో ఇక్కడ పనికొచ్చింది చాలా తక్కువ.

పరీక్షల గురించి ఎక్కువ చెప్పను. ప్రవర్తనా నియమావళి మీద, ఇంటర్వ్యూ పద్ధతి మీద, ఆపైన బేసిక్ లేదా అడ్వాన్స్‌డ్ స్థాయి పన్ను చట్టం మీద ఆన్‌లైన్‌లో పరీక్ష ఉంటుంది. పన్ను చట్టం పరీక్షలో 80 శాతం రావాలి, పైగా ప్రతి ఏడాదీ మళ్ళీ రాయాలి. పుస్తకం దగ్గర పెట్టుకుని రాయవచ్చు గనుక లెక్కలంటే భయం లేనివారెవరైనా గట్టెక్కుతారు. అయితే ద్వారం దగ్గర కూర్చుని వచ్చినవారిని పలకరించి, కాగితాలన్నీ తెచ్చుకున్నారో లేదో చూసేవారికి పన్ను పరీక్ష అక్కర్లేదు, ప్రవర్తనా నియమావళి ఒక్కటి చాలు. ఈ సంగతి చాలామందికి తెలియక, పరీక్ష మాట వినగానే వెనకడుగు వేస్తారు. మా కేంద్రానికి ప్రాణం ఆ ద్వారం దగ్గర కూర్చునే రిటైరైన స్కూలు బస్సు డ్రైవరమ్మే. కౌంటీలో సగం మందిని చిన్నప్పుడు బస్సెక్కించిన మనిషి ఆమె.

ఇక రెండో మనిషి సంగతి. వీటా నియమం ప్రకారం ప్రతి రిటర్నునూ, వేసినవారు కాకుండా ధ్రువీకరణ ఉన్న మరొకరు, పన్ను చెల్లింపుదారుతో మాట్లాడుతూ ఆసాంతం సరిచూడాలి. అది పూర్తయ్యాకనే సంతకం, ఆ తర్వాతనే ఈ-ఫైలింగు. నా పని నేనే సరిచూసుకున్నానంటే కుదరదు. నగరంలో పదిమంది వాలంటీర్లున్న చోట ఇదొక సమస్యే కాదు. మా మొదటి సీజనులో ఉన్నది ఇద్దరమే: నేను, ఊరి బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన. ఫిబ్రవరిలో ఒక శనివారం మంచు తుపాను వచ్చి, పాతిక మైళ్ళ అవతల పొలంలో ఉండే ఆయన కదలలేకపోయారు. నేను మాత్రం నడిచి వెళ్ళి తాళం తీశాను. ఆ వాతావరణంలోనూ, బహుశా సెలవు దొరికేది ఆ ఒక్క రోజే కావడం వల్ల, ఆరు కుటుంబాలు వచ్చాయి. ఆరింటికీ రిటర్నులు తయారు చేశాను, ఒక్కటీ పంపలేకపోయాను. వారిలో మాంస పరిశ్రమలో రాత్రి షిఫ్టు చేసి నిద్రపోకుండా నలభై మైళ్ళు కారు నడుపుకుంటూ వచ్చిన దంపతులున్నారు. ఉమ్మడి రిటర్ను కాబట్టి భార్యాభర్తలిద్దరూ సంతకం చేయాలి, ఇద్దరికీ మళ్ళీ ఒకేసారి ఎప్పుడు తీరుతుందో వాళ్ళకే తెలియదు. వాళ్ళు తిరిగి రాలేదు. వీధి చివర జనవరి నుంచి ఏప్రిల్ దాకా మాత్రమే తెరిచి ఉండే ఒక దుకాణంలో డబ్బు కట్టి వేయించుకున్నారని తర్వాత తెలిసింది. ఆ రుసుమును రిఫండులోంచే మినహాయించుకుంటారు కాబట్టి చేతిలోంచి పోయినట్టు అనిపించదు. తప్పు వాళ్ళది కాదు, నాది. ఇద్దరితో నడిచే కేంద్రంలో ఒకరు రాకపోతే ఆ రోజుకి కేంద్రం మూతపడినట్టేనన్న సంగతి నేను ముందే ఆలోచించుకోలేదు.

ఆ తర్వాతి ఏడాది పద్ధతి మార్చాము. వచ్చినవారితో ఎదురెదురుగా కూర్చుని ఇంటర్వ్యూ చేసి, ఐ.ఆర్.ఎస్. ప్రశ్నపత్రం 13614-సి నింపించి, కాగితాలు స్కాన్ చేసుకుని, అసలువి అప్పుడే తిరిగి ఇచ్చేస్తాము. రిటర్ను మా దగ్గర తయారవుతుంది. దాన్ని తొంభై మైళ్ళ దూరంలో, మా కేంద్రాన్ని శాఖగా నడిపే మాతృసంస్థ ఉన్న ఊళ్ళో ఒక వాలంటీరు తెరిచి, పన్ను చెల్లింపుదారుతో ఫోనులో మాట్లాడుతూ సరిచూస్తారు. మన కాగితాలు ఎక్కడికి వెళతాయో, ఎవరు చూస్తారో వివరించి, 14446 నంబరు సమ్మతి పత్రం మీద ముందే సంతకం తీసుకోవాలి. మనిషి రెండుసార్లు రావలసిన అవసరం దీనివల్ల పూర్తిగా పోదు గానీ, మంచు పడితే పని ఆగదు. దీనికి ఒక్కటే షరతు: మీ లైబ్రరీలో ఇంటర్నెట్ వేగం నిజంగా ఎంతుందో, స్కూలు వదిలాక పిల్లలంతా వచ్చి కూర్చునే వేళ వెళ్ళి చూడండి. ఐ.ఆర్.ఎస్. ఇచ్చే సాఫ్ట్‌వేరు మొత్తం ఆన్‌లైన్‌లోనే నడుస్తుంది.

మీరు రాసినదాన్ని బట్టి మీ మనసులో రైతులున్నారని అర్థమైంది. ఇక్కడ మీకు నిరాశ తప్పదు. పొలం ఆదాయవ్యయాలు చూపే షెడ్యూల్ ఎఫ్ వీటా పరిధిలోకి రాదు. మన ఆంధ్ర, తెలంగాణల్లో వ్యవసాయ ఆదాయానికి ఆదాయపు పన్నే లేదు కదా, అందువల్ల మనకు రైతు అంటే పన్ను కాగితాలతో పనిలేని మనిషి. ఇక్కడ రైతుదే అన్నింటికన్నా చిక్కు రిటర్ను: ట్రాక్టరు తరుగుదల, పశువుల అమ్మకం, పంట బీమా, ప్రభుత్వ చెల్లింపులు, పైగా స్థూల ఆదాయంలో మూడింట రెండు వంతులు వ్యవసాయం నుంచే వచ్చి, ముందస్తు పన్ను కట్టనివారికి మార్చి 1 గడువు. మొదటి ఏడాది ఒక ముసలి రైతు బూట్ల పెట్టెలో రసీదులు పేర్చుకుని వచ్చారు. ఆ లెక్క నాకు చేతకాక కాదు, చేయకూడదు గనుక తిప్పి పంపాను. పరిధి దాటి వేస్తే వాలంటీరుకు చట్టం ఇచ్చే రక్షణ కూడా పోతుంది. ఆయన మర్యాదగానే టోపీ తీసి పెట్టుకుని వెళ్ళిపోయారు గానీ, మరుసటి వారం ధాన్యం గోదాము దగ్గర "అక్కడ మన పని చేయరట" అన్న మాట ఊరంతా పాకింది. అప్పటినుంచి ప్రకటనలోనే పెద్ద అక్షరాలతో "పొలం లెక్కలు వేయలేము" అని రాస్తున్నాము. అలాంటివారికి మేము ఎవరి పేరూ చెప్పము, అర్హత ఉన్న ప్రిపేరర్ల డైరెక్టరీ ఐ.ఆర్.ఎస్. వెబ్‌సైటులో ఉందని చూపిస్తాము. చిన్న స్వయం ఉపాధి అయితే చేయవచ్చు. ఖర్చులు 35,000 డాలర్లు మించకూడదు, నష్టం చూపకూడదు, పనివాళ్ళకు జీతాలిచ్చి ఉండకూడదు. ఇళ్ళలో జుట్టు కత్తిరించేవారు, పిల్లలను చూసుకునేవారు ఇందులోకి వస్తారు.

మరి పల్లెలో ఎవరికి ఉపయోగం అంటే, పన్ను కట్టనక్కర్లేదు కాబట్టి రిటర్నూ అక్కర్లేదని అనుకునేవారికి. స్కూలు వంటగదిలో పనిచేస్తూ ఇద్దరు మనవలను పెంచుతున్న ఒక అమ్మమ్మ, అసలు తన పని మీద కాకుండా, పొరుగింటావిడకు తోడుగా వచ్చింది. ఊరికే కూర్చుంది కదా అని మా బస్సు డ్రైవరమ్మ మాటల్లో పెట్టి అడిగితే, ఆదాయం తక్కువని మూడేళ్ళుగా రిటర్ను వేయడం మానేసిందని తేలింది. పనిచేసే పేదలకు 1975 నుంచి ఉన్న ఎర్న్‌డ్ ఇన్‌కమ్ క్రెడిట్, పన్ను బాకీ సున్నా అయినా డబ్బు చేతికిస్తుంది. సంవత్సరంలో సగానికి పైగా తనతోనే ఉన్న మనవలు కూడా పిల్లల లెక్కలోకి వస్తారు. 2024 ఆదాయానికి ముగ్గురు, ఆపైన పిల్లలున్నవారికి ఇది గరిష్ఠంగా 7,830 డాలర్లు. రిఫండు అడగడానికి మూడేళ్ళ గడువు ఉంది గనుక ఆమె పాత రిటర్నులు కూడా వేశాము. అర్హులైన ప్రతి ఐదుగురిలో ఒకరు దీన్ని వదులుకుంటున్నారని ఐ.ఆర్.ఎస్. స్వయంగా చెబుతుంది. ఆ ఐదో మనిషి ప్రకటన చూసి రాడు, ఎవరో చేయి పట్టుకుని తీసుకురావాలి. అందుకే మీ కరపత్రాలు లైబ్రరీలో కాకుండా స్కూలు ఆఫీసులోనూ, చర్చి వారపత్రికలోనూ, పశుగ్రాసం అమ్మే కొట్టు దగ్గరా ఉండాలి.

జనం వస్తారా అన్నదానికి ఇంకొక కోణం ఉంది. చిన్న ఊళ్ళో మనిషి సిగ్గుపడేది పేదరికానికి కాదు, అది పక్కింటివారికి తెలియడానికి. లైబ్రరీ మధ్యలో బల్ల వేసి కూర్చుంటే ఎవరూ రారు. తలుపు వేసుకునే గది, కంప్యూటరు తెర గోడ వైపు తిరిగి ఉండడం, పేర్లు బిగ్గరగా పిలవకపోవడం తప్పనిసరి. మనం బయటి దేశంవాళ్ళమన్నది కొందరికి అడ్డే. నా ముందు కూర్చుని, సోషల్ సెక్యూరిటీ కార్డు గుప్పిట్లోనే పట్టుకుని ఇవ్వకుండా చాలాసేపు వాన గురించి మాట్లాడినవారున్నారు. లైబ్రేరియన్ వచ్చి నా భుజం మీద చేయి వేసి నిలబడితే గానీ ఆ గుప్పిట విడలేదు. మీ వాలంటీర్లంతా తెలుగువారే అయితే, కేంద్రానికి ఊరివారి ముఖం ఒకటి తప్పక ఉండేలా చూసుకోండి.

మీ దగ్గర్లో కాలేజీ ఉంటే మనవాళ్ళకూ ఈ కేంద్రం అక్కరకొస్తుంది. ఎఫ్-1 వీసా మీద ఉన్న మన విద్యార్థులు తొలి అయిదు క్యాలెండరు సంవత్సరాలు పన్ను లెక్కల్లో సాధారణంగా నాన్-రెసిడెంట్లు. వాళ్ళు వేయవలసింది నాన్-రెసిడెంట్ల ఫారం 1040-ఎన్‌ఆర్, ఆదాయం లేకపోయినా 8843 నంబరు ఫారం పంపాలి. స్నేహితుడు చెప్పాడని మామూలు 1040 వేసి, తమకు రాని పన్ను రాయితీలు (క్రెడిట్లు) తీసుకుని, తర్వాత సవరణ రిటర్నులకు తిరిగినవారిని చూశాను. భారత్–అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం వల్ల నాన్-రెసిడెంట్ అయినా మన విద్యార్థికి స్టాండర్డ్ డిడక్షన్ దొరుకుతుంది. ఇతర దేశాల పిల్లల్లో చాలామందికి లేని సదుపాయమిది. అయితే వీటాలో ఈ పనికి విదేశీ విద్యార్థుల ధ్రువీకరణ వేరుగా ఉంది. అది లేకుండా, "మన పిల్లలే కదా" అని ముట్టుకోకండి.

జనవరి సంగతికి వస్తే, కేంద్రానికి ఈ-ఫైలింగు గుర్తింపు సంఖ్య, కోఆర్డినేటరుకు శిక్షణ, కంప్యూటర్లు, ప్రింటరు అన్నీ కావాలి. కొత్త సంస్థగా వీటన్నిటికీ తిరిగే బదులు ఆ డెబ్బై మైళ్ళ అవతలి కేంద్రం నడిపే సంస్థకు ఫోను చేసి, వాళ్ళ శాఖగా ఉంటామని అడగండి. ఐ.ఆర్.ఎస్.లో ఈ భాగస్వాములను చూసే 'స్పెక్' విభాగం వారు కూడా దారి చూపిస్తారు. మీలో ఇద్దరు ఈ సీజనంతా వాళ్ళ దగ్గర పనిచేయండి. మే నెలలో వీటా గ్రాంటు దరఖాస్తులు తీసుకుంటారు. వచ్చే సొమ్ముకు సమానంగా మనవైపు నుంచి కూడా చూపాలి గనుక మాతృసంస్థ ద్వారా వెళ్ళడమే సులువు. విరాళాల డబ్బా మాత్రం బల్ల మీద పెట్టకండి, అది నియమ విరుద్ధం.

అపాయింట్‌మెంటుకు రెండు రోజుల ముందు ఫోను చేసి, ఫోటో గుర్తింపు కార్డు, కుటుంబంలో అందరి సోషల్ సెక్యూరిటీ కార్డులు, బ్యాంకు ఖాతా నంబరు తెమ్మని గుర్తు చేయండి. ఒక్క కార్డు మరిచిపోతే ఎనభై మైళ్ళ ప్రయాణం వృథా. 2025 సెప్టెంబరు 30 నుంచి ఫెడరల్ రిఫండులకు కాగితపు చెక్కులు తగ్గించేస్తున్నారు కాబట్టి, ఖాతా లేనివారిని ముందుగానే ఊరి బ్యాంకుతోనో క్రెడిట్ యూనియన్‌తోనో కలిపి ఉంచడం మంచిది.

ఏప్రిల్ 15 తర్వాత గది తాళం పడుతుంది, ఐ.ఆర్.ఎస్. ఉత్తరాలు మాత్రం జూన్, జులైలలో వస్తాయి. మొదటి ఏడాది వేసవిలో ఒకావిడ విప్పని కవరు పట్టుకుని మూసి ఉన్న లైబ్రరీ గది ముందు నిలబడితే లైబ్రేరియన్ నాకు ఫోను చేసింది. అందులో అడిగింది గుర్తింపు నిర్ధారణ మాత్రమే, కానీ రిఫండు అప్పటికి రెండు నెలలుగా ఆగి ఉంది. ఇప్పుడు ప్రతి రిటర్ను కాపీ ఇచ్చే కవరు మీద మాతృసంస్థ ఫోను నంబరు, "ఉత్తరం వస్తే విప్పకముందే ఫోను చేయండి" అన్న ముక్క ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ ముద్రిస్తున్నాము. ఆ ఫోను ఎత్తేవారెవరో కూడా తెరవకముందే తేల్చుకోండి.